మూడుంబావు అరలు

లారీ దించి వెళ్ళిన దుంగల గుట్ట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, స్టోరు గుమాస్తా ఒక దుంగకు టేపు చుట్టాడు. మొదట మొదలు దగ్గర, తరువాత నడుము దగ్గర, చివరికి కొన దగ్గర. మూడు కొలతలకూ అర అంగుళం మించి తేడా రాలేదు. పొందికైన వాక్యం చదివినప్పుడు కలిగేటంతటి తృప్తి కలిగింది అతనికి. టేపును బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో జేబులోని పెన్సిలు తీసి, అట్టముక్క మీద అంకెలు వేశాడు.

"ఎలా ఉన్నాడు గుమాస్తాగారూ? పెళ్ళికొడుకులా లేడూ?" అన్నాడు కాపలాదారు. గుట్ట పైనుంచి ఆ దుంగను ఏరి దించింది అతనే. లారీ వచ్చినప్పుడల్లా అతనిలాగే ఒకదాన్ని తీసిపెడతాడు: వంకర లేనిది, ముడి లేనిది, బెరడు ఊడనిది. టేపు సాఫీగా చుట్టుకోవాలంటే అలాంటిదే కావాలని అతనికి తెలుసు.

"బాగానే ఉన్నాడు. కదలకుండా పట్టుకో."

"పెళ్ళికొడుకు ఇంకేం కదుల్తాడండీ? కదిలే రోజులు నిన్నటితో సరి."

గుమాస్తా నవ్వలేదు. పెన్సిలు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది.

ఆస్పత్రి పక్కగుడ్డలు ఉతికే ఆ లాండ్రీలో నీళ్ళు కాచే బాయిలరు కట్టెలతోనే నడుస్తుంది. కట్టెలు వచ్చేది తూకం మీద. పెద్ద రోడ్డు మీది కాటా దగ్గర నిండు లారీని ఒకసారి, ఖాళీ లారీని ఒకసారి తూచి, తేడాను చీటీ మీద రాసి ఇస్తారు. షెడ్డులో వాటిని పేర్చేది మాత్రం అరలుగా: ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, దుంగ పొడవంత లోతు. అంటే నాలుగడుగులు. ఇన్ని టన్నులు వస్తే ఇన్ని అరలు నిండాలి అని పేర్చకముందే చెప్పడం గుమాస్తా పని. పేర్చాక తగ్గితే, ఎక్కడో చెయ్యి పడిందన్నమాట.

అతను దుంగను మూటలు తూచే కాటా మీదికి మోసుకువెళ్ళాడు. పదకొండు కిలోలు. చుట్టుకొలత నుంచి ఘనపరిమాణం కట్టి, బరువును దానితో భాగించి, పేర్పులో దుంగల మధ్య మిగిలే సందులకు మూడో వంతు కలుపుకున్నాడు. కాటా చీటీలో పది టన్నులుంది. లెక్కను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి సరిచూశాడు. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో 'నాలుగు' అని రాశాడు.

"నాలుగంటే నాలుగే," అన్నాడు కాపలాదారు, గోడను చూస్తూ. "మీరు రాశాక దుంగలు కూడా భయపడి నాలుగే అవుతాయి."

ఆ రోజు శనివారం. ఆదివారం లాండ్రీకి సెలవు. గుట్ట అలాగే ఆవరణలో ఆరుబయట ఉండిపోయింది. దానికి తోడు కాపలాదారు ఉన్నాడు.

సోమవారం పొద్దున ఇద్దరు కూలీలు పేర్చడం మొదలుపెట్టారు. గుట్ట పైన నాలుగు వరసలు తిన్నని దుంగలే; వాటిని అరలన్నిటికీ అడుగున పంచి పరిచారు. కిందికి పోయేకొద్దీ వంకరవి, కణుపులు తేలినవి, మోచెయ్యిలా మడతపడ్డవి బయటికి వచ్చాయి. గుమాస్తా కుర్చీ వేయించుకోకుండా, అలవాటు ప్రకారం నిలబడే చూశాడు. మధ్యాహ్నానికి మూడు అరలు నిండాయి. నాలుగోది అడుగున్నర లేచి ఆగిపోయింది. ఆవరణలో బెరడు పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

"అయిపోయాయి సార్," అన్నాడు ఒక కూలీ, చేతులు దులుపుకుంటూ.

"ఎలా అయిపోతాయి?"

"అంటే... లేవు సార్."

రెండో అరను విప్పించి, గుమాస్తా స్వయంగా పేర్చాడు. లావు మొదలు ఒకసారి ఇటు, ఒకసారి అటు. సందు కనిపించిన చోట సన్నది దూర్చి. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర మళ్ళీ సరిగ్గా ఆరడుగులకే వచ్చింది. మూడుంబావు. ముప్పాతిక అర లేదు. అంటే రెండు టన్నులకు దగ్గర.

అతను గోడకు ఆనుకుని ఆలోచించాడు. వంకర దుంగలైతే సందులు ఎక్కువ పడాలి. సందులు ఎక్కువైతే అరలు ఇంకా తొందరగా నిండాలి. అంటే నాలుగు దాటాలి తప్ప తగ్గడానికి వీల్లేదు. ఎటునుంచి చూసినా లెక్క ఒకే వైపు వేలు చూపించింది: రెండు రాత్రులు, ఆరుబయలు, ఒక్క మనిషి.

నాలుగు గంటలకు ఎప్పటిలాగే గేటు పక్క అరుగు మీద టీ వచ్చింది. ఎప్పటిలాగే కాపలాదారు మాట్లాడాడు, గుమాస్తా విన్నాడు. గుమాస్తాకు రోజు మొత్తంలో పనికి సంబంధం లేని మాట వినిపించేది ఆ పావుగంటే. ఆ రోజు సంగతి కాపలాదారు కొత్త చెప్పుల గురించి: కుడిది కరుస్తోందట, ఎడమది బుద్ధిమంతురాలట.

"ఒకే ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్ళండీ. ఒకత్తె నోరు మంచిది, ఇంకొకత్తెది కాదు. ఏం చేస్తాం?"

గుమాస్తా గ్లాసు కింద పెట్టాడు. నోటి దాకా వచ్చిన మాటను అక్కడే ఆపుకున్నాడు. ముందుగా ఒక మనిషికి చెప్పి తరువాత కాగితం ఇవ్వడం పద్ధతి కాదనిపించింది. లేచి ఆఫీసు గదికి వెళ్ళి, 'అంచనా నాలుగు, పేర్పు మూడుంబావు' అని రాసిన చీటీని మేనేజరు బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద పెట్టి వచ్చాడు.

మంగళవారం పొద్దున మేనేజరు ఇద్దరినీ పిలిపించాడు. బాయిలరులో కట్టెలు వేసే ఆవిడ, వేడినీళ్ళ పైపు కారుతోందని చెప్పడానికి వచ్చి, పిలవకపోయినా గుమ్మంలో నిలబడింది. ఆవిడను అందరూ నిప్పక్క అంటారు. మిగతావాళ్ళు గుమాస్తాను వెనకాల 'అంగుళం' అంటే, ఆవిడ మొహం మీదే 'అంగుళంగారూ' అంటుంది.

"రెండు రాత్రులూ నువ్వే ఉన్నావు కదా?" అన్నాడు మేనేజరు.

"నేనే ఉన్నానండి."

"మరి దుంగలేవి?"

కాపలాదారు మొదట మేనేజరు వైపు చూశాడు. తరువాత గుమాస్తా వైపు తిరిగాడు. అతని మొహంలో కోపం గాని, బెదురు గాని లేవు. దారి అడిగేవాడిలా చూశాడు.

"మీరు కొలిచారా?"

"కొలిచాను," అన్నాడు గుమాస్తా.

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

"అయితే తగ్గే ఉంటాయండి," అన్నాడు కాపలాదారు మేనేజరుతో. "నాకే ఎప్పుడో కునుకు పట్టేసి ఉంటుంది."

"విన్నావుగా," అన్నాడు మేనేజరు గుమాస్తాతో. "తనే ఒప్పుకుంటున్నాడు."

"ఒప్పుకోవడం కాదు సార్ అది," అంది నిప్పక్క గుమ్మంలోంచి. "బాబాయి కునికే మనిషా? గేటు దగ్గర పిల్లి దగ్గితే లేచి కూర్చుంటాడు."

"నిప్పు లేందే పొగ రాదమ్మా."

"పచ్చి కట్టె వేసి చూడండి సార్. నిప్పు ఇంకా రాజుకోనే రాజుకోదు, ఇల్లంతా పొగే."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ పైపు సంగతి తరవాత చూస్తాను. నువ్వెళ్ళు." తరువాత కాపలాదారుతో, గొంతు తగ్గించి, గేటు తాళాలు గుమాస్తాకు అప్పజెప్పి వెళ్ళమన్నాడు.

తాళాల గుత్తిని అప్పజెప్పేటప్పుడు కాపలాదారు ఒక్కొక్క తాళాన్నీ చూపించాడు. "ఇది పెద్ద గేటుది. ఇది షెడ్డుది, సగం తిప్పి, కొంచెం పైకెత్తి మళ్ళీ తిప్పాలి, లేకపోతే మొరాయిస్తుంది. ఇది దేనిదో నాకూ తెలీదు. పోనీలెండి, ఉండనీయండి." గుమాస్తా మూడింటికీ తల ఊపాడు. కొత్త చెప్పుల్లో కుడికాలు కొంచెం ఎగరేస్తూ కాపలాదారు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ గుత్తి అతని అరచేతిలో అలాగే ఉంది.

బుధవారం నాలుగు గంటలకు టీ వచ్చింది. తెచ్చినతను అలవాటు కొద్దీ అరుగు మీద రెండు గ్లాసులు పెట్టి పోయాడు. గుమాస్తా ఒకటి తాగాడు. రెండోది మీగడ కట్టేదాకా చూసి, గేటు పక్క మట్టిలో పారబోసి, గ్లాసు కడిగిపెట్టాడు. గురువారం ముందే చెప్పి ఒకటే తెప్పించుకున్నాడు. శుక్రవారం అసలు వద్దన్నాడు.

అతని గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద పుస్తకాలుంటాయి. శుక్రవారం సాయంత్రం ఆ పుస్తకాలన్నీ తీసి, వరసలు మార్చి, మళ్ళీ ఆ కుర్చీ మీదే పెట్టాడు. లెక్క తప్పు లేదన్న నమ్మకం చెక్కు చెదరకుండా ఉంది. అయినా అన్నం ముందు కూర్చుంటే, 'మీరు కొలిచారా?' అన్న గొంతు వినిపిస్తోంది. ఆ గొంతులో దెప్పు ఉంటే ఎంతో తేలికగా ఉండేది.

శనివారం ఉదయం బాయిలరు ముందు నిప్పక్క గొడ్డలి పక్కన పడేసి, చెమట తుడుచుకుంటూ నిలబడింది.

"ఇవేం కట్టెలు అంగుళంగారూ! గొడ్డలి వేస్తే గొడ్డలే వెనక్కి వస్తోంది. మా అత్తగారు నయం, రెండు దెబ్బలకి లొంగేది."

"పని ఆలస్యమవుతోందా?"

"ఆలస్యమేం లేదు. మండటం మొదలెడితే ఆరవు. పూటకి ఇరవై దుంగలు వేసేదాన్ని. ఇప్పుడు పదహారుతోనే నీళ్ళు మరుగుతున్నాయి."

గుమాస్తా షెడ్డు వైపు వెళ్ళబోతున్నవాడల్లా ఆగాడు. "పదహారా? లెక్కపెట్టావా?"

"మీరొక్కరే లెక్కపెడతారా ఏంటి? మోసేది నేను. నా నడుము లెక్కపెడుతుంది."

ఆవిడ కాలితో ఒక దుంగను అతని వైపు దొర్లించింది. రెండు చోట్ల వంగి, మధ్యలో కణుపు ఉబ్బిన దుంగ. "ఎత్తండి."

అతను ఎత్తబోయాడు. ఎంత బలం పెట్టాలో కన్ను చెప్పినంత పెట్టాడు. దుంగ నేల వదల్లేదు. రెండోసారి నడుము వంచి, ఊపిరి బిగబట్టి ఎత్తి, వెంటనే దింపేశాడు.

"వంకరగా ఉంది కాబట్టి చేతికి బరువనిపిస్తుంది," అన్నాడు. "పైగా దీన్ని కొలవడం కుదరదు. టేపు ఎక్కడ చుట్టినా ఒక్కో అంకె వస్తుంది."

"కొలవడం కుదరకపోతే బరువు లేనట్టేనా?"

ఆవిడే దుంగను భుజానికెత్తుకుని, గుడ్డలు నానబెట్టే సిమెంటు తొట్టి దగ్గరికి నడిచింది. ఆ పూట తొట్టిలో గుడ్డలు లేవు. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. దుంగను అందులోకి జారవిడిచింది. అది మునిగింది. కాసేపటికి నీటిమట్టానికి వచ్చింది గాని, వేలెడు బెరడు కన్న ఎక్కువ బయటపడలేదు. ఆవిడ వెళ్ళి మొదటి అర అడుగున మిగిలినవాటిలోంచి ఒక తిన్నని దుంగను, దాదాపు అంతే లావుదాన్ని తెచ్చి పక్కనే పడేసింది. అది తుళ్ళి, మూడో వంతు ఒళ్ళు పైకి తేల్చి, గోడకు కొట్టుకుంటూ తిరిగింది.

"ఒకటి బెండు, ఒకటి బండ," అంది నిప్పక్క. "రెండిట్లో మీరు కొలిచింది ఏది?"

గుమాస్తా తొట్టి అంచును రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలోకి చూశాడు. ఏ లారీ వచ్చినా అతను కొలిచింది తిన్నని దుంగనే. మునుపటి లారీలన్నిటిలో ఒకే చెట్టు దుంగలు వచ్చాయి కాబట్టి లెక్క ఏనాడూ తప్పలేదు. ఈ లారీలో పై నాలుగు వరసల కింద ఉన్నది వేరే చెట్టు. ఆ సంగతి సోమవారం పొద్దున అతని కళ్ళ ముందే బయటపడింది. వంకరను చూశాడు, ఆ వంకర ఎంత చోటు తింటుందో కూడా ఆలోచించాడు. ఎంత బరువుంటుందో మాత్రం చేత్తో ఎత్తి చూడలేదు. దుంగ బరువైనదైతే అవే పది టన్నులకు తక్కువ దుంగలు వస్తాయి, తక్కువ అరలే నిండుతాయి.

ఆదివారం తాళం తీసుకుని ఒక్కడే వచ్చాడు. షెడ్డు తాళాన్ని సగం తిప్పి, పైకెత్తి, మళ్ళీ తిప్పాడు. రెండు దుంగలు చూసి పది టన్నుల మీద తీర్పు చెప్పడం అంటే ఒక్క దుంగను చూసి చెప్పినదానికి రెట్టింపు తెలివేమీ కాదు. ఇంకా ముట్టని రెండో అరను మొత్తం తూచాలని నిశ్చయించుకున్నాడు.

మూటల కాటాను తోసుకొచ్చి షెడ్డు ముందు నిలిపాడు. ఒక్కో విడతకు ఐదు దుంగలు. ఎత్తడం, పేర్చడం, ముల్లు నిలిచేదాకా ఆగడం, రాయడం, దించడం. ఇరవయ్యో విడతకు అరచేతులు బొబ్బలెక్కాయి. జేబురుమాలు చించి చుట్టుకున్నాడు. పాత గోతం ఒకటి భుజాన వేసుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో ఆవరణంతా బెరడు వాసన. మెలికలున్న దుంగ ఒకటి జారి పాదం మీద పడితే, అరవడానికి నోరు తెరిచి, వినేవాళ్ళు లేరని మళ్ళీ మూసుకున్నాడు. నలభై మూడో విడతలో రెండే దుంగలు మిగిలాయి. మొత్తం మూడువేల డెబ్భై కిలోలు. దాన్ని మూడుంబావుతో గుణించాడు. పది టన్నులకు ఇరవై రెండు కిలోలు తక్కువ. ఆ కాస్తా బెరడు పొట్టుగా రాలి ఆవరణలో పడి ఉంది.

ఒక్క దుంగ కూడా పోలేదు.

లెక్క ఇంత ఖచ్చితంగా కలిసిన రోజు అతని జీవితంలో మరొకటి లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, విప్పిన అరను చీకటి పడేలోగా మళ్ళీ పేర్చాడు.

సోమవారం మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా? కొత్త కాపలామనిషి రేపు చేరుతున్నాడు. మానిపోయిన పుండుని గోకడం కాకపోతే."

"మానలేదండీ. తప్పు నాది."

"నీది తప్పని రాసిస్తావా?"

"ఆ కాగితం కిందే రాశాను."

మేనేజరు చదివి, నిట్టూర్చాడు. "సరే. కొత్తతన్ని వద్దని కబురు పంపిస్తాను. అతన్ని రేపట్నుంచి రమ్మను. కానీ ఒక్క మాట. ఇకమీదట కాటా చీటీ ఎంతంటే అంతే. ఈ టేపులు, ఈ అంచనాలు, గోడ మీద రాతలు ఏవీ వద్దు. ఎవడి కొంప ఎప్పుడు మునుగుతుందో తెలీని లెక్కలు మనకెందుకు? అది కూడా రాసి, దాని కింద ఓ సంతకం పెట్టు."

గుమాస్తా సంతకం పెట్టాడు. బొబ్బల వల్ల పెన్ను మీద సరిగా పట్టు దొరక్క, అక్షరాలు వంకర పోయాయి.

కాపలాదారు ఉండే గది, సైకిళ్ళు బాగుచేసే కొట్ల వెనక సందులో, వరస గదుల్లో చివరిది. తలుపు తెరిచే ఉంది. అతను చాప మీద గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి.

"గుమాస్తాగారా! రండి, రండి. మా ఇంటిది పనికెళ్ళింది, టీ అయినా ఇవ్వలేను. ఆ చేతులకేమైంది?"

"దుంగలు పోలేదు," అన్నాడు గుమాస్తా. దారి పొడుగునా వరసగా పేర్చుకున్న వాక్యాలన్నిటిలో చివరిది ముందు వచ్చేసింది. మిగతావి దాని వెనక ఒక్కొక్కటే చెప్పాడు: తేలిక దుంగ, బరువు దుంగలు, తొట్టి, కాటా. కాపలాదారు రెప్ప వేయకుండా విన్నాడు.

"అయితే నేను నిద్రపోలేదా?"

"దుంగలు పోలేదు. అంతే..."

"అది సరేనండి. నేను నిద్రపోయానా, లేదా?"

గుమాస్తా కొలవని సంగతి అది. కొలిచే వీలు కూడా లేనిది. "నిద్రపోలేదు," అన్నాడు.

కాపలాదారు తల వెనక్కి వాల్చి గోడకు ఆనించాడు. "ఆరు రోజులుగా వెతుకుతున్నానండీ. ఆ రెండు రాత్రుల్లో ఎక్కడ రెప్ప వాల్చానా అని. ఎప్పుడో కుక్క మొరిగితే లేచి చూశా. తరవాత చల్లారుతున్న పైపు టిక్కుటిక్కుమంది. పాలబండి వచ్చింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతే మధ్యలో ఎక్కడా సందు లేదు. కానీ సందు ఉండాలి కదా, మీరు కొలిచారు కదా! మళ్ళీ మొదట్నుంచి వెతకడం. పగలూ రాత్రీ అదే పని."

"మేనేజరుగారు రేపట్నుంచి రమ్మన్నారు."

"రానండీ."

"కోపం ఉంటే..."

"మీ మీద కోపమేంటండీ, రామ రామ!" అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "రేపు మళ్ళీ ఏదో తగ్గుతుంది. మీరు కొలిచి చెప్తారు. నేను నా కళ్ళు పక్కన పెట్టి మీ టేపునే నమ్ముతా. నా సంగతి నాకు తెలిసిపోయింది. కాపలావాడికి ఉండే ఆస్తి కళ్ళేనండీ. అక్కడ ఉంటే అవి నావి కావు."

"నేనిక కొలవను. సంతకం పెట్టి ఇచ్చేశాను."

"అయ్యయ్యో! మరి పొద్దు ఎలా గడుస్తుంది మీకు?"

గుమాస్తా దానికి బదులు చెప్పేలోగానే కాపలాదారు మెల్లగా పక్కకు ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకున్నాడు. "ఏమనుకోకండి. రెప్పలు వాటంతటవే... ఒక్క నిమిషం..." మాట పూర్తికాలేదు. నోరు కొంచెం తెరుచుకుని, ఊపిరి బరువెక్కింది.

గుమాస్తా లేచి నిలబడ్డాడు. తలుపు దగ్గరికి లాగితే మళ్ళీ తెరుచుకుంది. గడియ లోపలివైపే ఉంది. గోడకు తగిలించిన చొక్కా, మూలన రెండు గిన్నెలు, చాప మీద ఒళ్ళెరగని మనిషి, అన్నీ సందులోకి కనిపిస్తున్నాయి. అతను కాసేపు తలుపు రెక్క పట్టుకుని నిలబడి, చివరికి బయటి మెట్టు మీద కూర్చున్నాడు.

పక్క గది ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది. "ఏమండోయ్, ఉన్నాడా లోపల?" అంది గట్టిగా.

"మెల్లిగా అమ్మా. నిద్రపోతున్నాడు."

"నిద్రే! ఎన్నాళ్ళకి!" ఆవిడ లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది. "వాళ్ళావిడ ఏడవని రోజు లేదు. ఆవిడ సాయంత్రానికి గాని రాదు." తరువాత అతన్ని ఎగాదిగా చూసింది. "మీరు ఆయనకి ఏమవుతారు?"

గుమాస్తా ఆలోచించాడు. 

"కలిసి పనిచేసేవాళ్ళం," అన్నాడు.

ఆవిడ తల ఊపి, అతను పాదాలు పైకెత్తుకుంటే వాటి కింద ఊడ్చుకుని, తన గుమ్మం వైపు వెళ్ళిపోయింది. అతను పాదాలు దించి, సందులోకి వచ్చేవాళ్ళ దారి కనిపించేలా కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాడు.